ఇంటర్‌కోర్స్ అంటే... రాకపోకలు!

ఆ మాట వినిపిస్తే చాలు, తల దించుకుంటాం. లేదా టాపిక్ మార్చేస్తాం. కానీ ఆ మాట మన రాజ్యాంగంలో ఉంది. అమెరికాలో ఓ ఊరికి పేరై ఉంది. డాక్టరు చీటీలో, పోలీసు కేసులో, కోర్టు తీర్పులో ఉంది. లేనిదల్లా మన ఇంట్లోనే!

భారత రాజ్యాంగంలో పదమూడో భాగం తీసి చూడండి. శీర్షికలోనే కనిపిస్తుంది... 'ట్రేడ్, కామర్స్ అండ్ ఇంటర్‌కోర్స్' అని. ఆ భాగంలో మొదటిదైన 301వ అధికరణ, దేశమంతటా ఈ మూడింటికీ స్వేచ్ఛ ఉండాలంటుంది. కంగారు పడకండి. మన పెద్దలు ఆ మాట వాడింది 'రాకపోకలు' అన్న అర్థంలో. నెల్లూరు బియ్యం చెన్నై వెళ్లాలన్నా, నాగపూర్ కమలాలు హైదరాబాద్ రావాలన్నా, ఒక రాష్ట్రం మనిషి ఇంకో రాష్ట్రంలో అడుగు పెట్టాలన్నా అడ్డూ ఆపూ ఉండకూడదని దాని భావం.

మరి రాకపోకల మాట పడకగదిలోకి ఎప్పుడొచ్చింది? ఎందుకొచ్చింది? వచ్చాక మళ్లీ బయటికి రావడానికి ఎందుకంత సిగ్గుపడుతోంది? ఆ సిగ్గుకి మనం కడుతున్న ధరెంత? ఒక్క మాట వెనక ఇంత కథ ఉంది.

ఓడలెక్కి వచ్చిన మాట

లాటిన్‌లో 'ఇంటర్' అంటే మధ్య. 'కర్రెరె' అంటే పరుగెత్తడం. రెండూ కలిస్తే, ఇద్దరి మధ్యా అటూ ఇటూ పరుగులు తీయడం. ఇది ఫ్రెంచివాళ్ల నోట పడి 'వ్యాపార సంబంధం' అయింది. పదిహేనో శతాబ్దంలో ఇంగ్లిషులోకి దిగింది. 1496లో ఇంగ్లండు రాజు ఏడో హెన్రీకీ, బర్గండీ డ్యూక్ ఫిలిప్‌కీ మధ్య ఓ పెద్ద వర్తక ఒప్పందం కుదిరింది. దాని పేరు 'ఇంటర్‌కర్సస్ మాగ్నస్'. గొప్ప రాకపోకలు అన్నమాట. అందులో ఉన్నదంతా ఉన్నిబట్టలు, సుంకాలు, ఓడరేవుల గొడవే!

1755లో శామ్యూల్ జాన్సన్ అచ్చువేసిన ప్రసిద్ధ నిఘంటువులోనూ ఈ మాటకు ఇచ్చిపుచ్చుకోవడం, ఒకరితో ఒకరు సంబంధం పెట్టుకోవడం అన్నవే అర్థాలు. 1809లో అమెరికా ప్రభుత్వం బ్రిటన్, ఫ్రాన్స్‌లతో వ్యాపారం వద్దని ఓ చట్టం చేసింది. దాని పేరు 'నాన్ ఇంటర్‌కోర్స్ యాక్ట్'. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో ఈ మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అక్కడ దాని అర్థం నలుగురితో మాటామంతీ, ఇరుగుపొరుగు రాకపోకలు. ఇప్పటి పిల్లలు ఆ పుస్తకం చదువుతూ ఉలిక్కిపడితే తప్పు వాళ్లది కాదు. మాటే మారిపోయింది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, గుర్రపుబళ్లలో తిరిగే ఆమిష్ రైతులుండే లాంకాస్టర్ కౌంటీలో, ఒక పల్లె పేరే ఇంటర్‌కోర్స్! అంతకుముందు 'క్రాస్ కీస్' అనేవారు. 1814లో ఈ పేరు పెట్టుకున్నారు. ఎందుకు పెట్టారో చెప్పే కథలు చాలానే ఉన్నాయి. పక్కనున్న గుర్రప్పందాల మైదానం గేటు మీది 'ఎంటర్ కోర్స్' అన్న రాత నుంచి వచ్చిందని కొందరంటారు. ఊరివాళ్ల కలుపుగోలుతనానికి గుర్తుగా పెట్టారని ఇంకొందరంటారు. ఏదైనా, పేరు పెట్టిననాడు అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇప్పుడు మాత్రం ఊరి బోర్డు దగ్గర ఫొటోలు దిగడానికే టూరిస్టులు వస్తుంటారు.

ఈ పల్లె పేరు కోర్టు దాకా కూడా వెళ్లింది. 1960లలో రాల్ఫ్ గింజ్‌బర్గ్ అనే పత్రికాధిపతి తన శృంగార పత్రికను, కవరు మీద ముద్ర సరదాగా ఉంటుందని, ఈ ఊరి పోస్టాఫీసు నుంచే పోస్టు చేయాలనుకున్నాడు. అంత పెద్ద కట్టలు పంపడం ఆ చిన్న పోస్టాఫీసుకి సాధ్యం కాలేదు. వేరే ఊరి నుంచి పంపాడు. కానీ 1966లో అమెరికా సుప్రీంకోర్టు అతని శిక్షను ఖాయం చేస్తూ, ఈ ప్రయత్నాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఊరి పేరుని ఎరగా వాడబోయాడని! నూట యాభై ఏళ్లలో ఒక మాట ఎంత దూరం నడిచిందో చూడండి.

ముసుగే ముఖమైంది

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లిషువాళ్లకి ఓ చిక్కొచ్చింది. స్త్రీపురుషుల కలయిక గురించి పుస్తకాల్లో రాయాలి. వాడుకలో ఉన్న మాటలేమో మోటు. దాంతో మర్యాదగా, ఎవరికీ ఏమీ తట్టని ఒక చప్పిడి మాట వెతుక్కున్నారు. అదే ఇంటర్‌కోర్స్. దానికి ముందు 'సెక్సువల్' అనో, వెనక 'బిట్వీన్ ది సెక్సెస్' అనో తగిలించారు. 1798లో జనాభా గురించి మాల్థస్ రాసిన వ్యాసంలో ఇలాంటి వాడుక ఉంది. పోనుపోను ఆ తోక కూడా ఊడిపోయింది. ఒట్టి ఇంటర్‌కోర్స్ అన్నా అదే గుర్తొచ్చే పరిస్థితి వచ్చింది. దాంతో వ్యాపారులూ నవలాకారులూ ఆ మాటను వదిలేసి పక్కకి తప్పుకున్నారు. దాచడానికి తెచ్చిన ముసుగు కాస్తా ముఖమై కూర్చుంది.

ఇదేదో ఇంగ్లిషువాళ్ల తంటా అనుకోకండి. మన 'దొడ్డి' సంగతేంటి? దొడ్డి అంటే పెరడు. పశువుల్ని కట్టేసే చోటు. 'దొడ్డికెళ్లాడు' అన్నది ఒకప్పుడు నాజూకు మాటే. వాడి వాడి అది మోటైపోయింది. తర్వాత లెట్రిన్ అన్నాం. అదీ మాసిపోతే బాత్రూమ్ అన్నాం. ఇప్పుడు వాష్‌రూమ్ అంటున్నాం. పని ఒకటే, పేర్లు మారుతూ ఉంటాయి. ముసుగు మాసినప్పుడల్లా కొత్తది కప్పుతాం.

డాక్టర్ల లాటిన్... మన సంస్కృతం

ఇంటర్‌కోర్స్ కన్నా ఇంకో మెట్టు పైన కూర్చున్న మాట 'కాయిటస్'. ఇది అచ్చంగా లాటిన్. వైద్య పుస్తకాల్లో, పరిశోధన పత్రాల్లో ఉంటుంది. 1948, 1953ల్లో అమెరికన్ల లైంగిక జీవితం మీద సంచలన నివేదికలు వెలువరించిన ఆల్‌ఫ్రెడ్ కిన్సే ఎక్కువగా వాడింది ఈ మాటే. మామూలు ఇంగ్లిషు మాటల్లో వాడితే, పెళ్లి భోజనంలో 'కించిత్ లవణం వడ్డించుము' అన్నట్టుంటుంది.

కాయిటస్‌ని విడదీస్తే 'కో' అంటే కలిసి, 'ఇ' అంటే వెళ్లడం. సంస్కృతంలోనూ వెళ్లడానికి ధాతువు 'ఇ' అనే! అటు 'కో', ఇటు 'సం'. సం, ఇ కలిస్తే మనకి ఏ మాట వచ్చిందో తెలుసా? 'సమితి'! ఐక్యరాజ్య సమితిలోని సమితే. పదిమంది కలిసి ఒకచోట చేరడం. అక్కడ పడకగది మాటైంది, ఇక్కడ సభ అయింది.

ఇక 'కాపులేషన్' అన్నదానికి మూలం 'కోపులా'. కట్టే తాడు, లంకె అని అర్థం. మొగుడూపెళ్లాల్ని 'కపుల్' అంటున్నామే, అదీ దీని తోబుట్టువే. ఈ మాట ఎక్కువగా జంతుశాస్త్రం పుస్తకాల్లో జీవుల జతకట్టు గురించి కనిపిస్తుంది. మనుషులకి వాడితే మర్యాదగా ఉండదు. 'కాంజుగల్' అన్నదాంట్లో ఉన్నది కాడి. ఒకే కాడికి కట్టిన జంట అని. మన రైతుకి విడమరచి చెప్పక్కర్లేదు.

మన మాటలకేం తక్కువ?

తెలుగులో దీనికి మాటల్లేవంటే నమ్మకండి. ఉన్నవే ఎక్కువ. 'సంగమం' అంటే కలిసి నడవడం. త్రివేణీ సంగమంలో స్నానం చేస్తాం, పుణ్యమంటాం. 'మైథునం' మిథునం నుంచి వచ్చింది. మిథునం అంటే జంట. ఈ పేపర్లోనే రాశిఫలాల్లో మిథునరాశి చూసుకునేవాళ్లు ఎంతమందో! 'సంభోగం'లో ఉన్న భుజ్ ధాతువే భోజనంలోనూ ఉంది. కలిసి అనుభవించడం అని అర్థం. అలంకారశాస్త్రంలో శృంగారాన్ని రెండు రకాలు చేసి, ప్రేమికులు కలిసి ఉంటే సంభోగం, ఎడబాటులో ఉంటే విప్రలంభం అన్నారు. ఒకరినొకరు చూసుకోవడం, మాట్లాడుకోవడం కూడా అక్కడ సంభోగ శృంగారమే.

అన్నిటికన్నా తమాషా 'సంపర్కం'ది. పృచ్ అనే ధాతువు నుంచి వచ్చింది. కలపడం అని అర్థం. పెళ్లిలో కడతామే మధుపర్కాలు... ఆ పేరులో ఉన్నదీ అదే. మధుపర్కం అంటే తేనె కలిపినది. తిరుపతి నుంచి ఢిల్లీ వెళ్లే రైలు పేరు ఏపీ సంపర్క్ క్రాంతి. పేపరు వార్తలో మాత్రం 'లైంగిక సంపర్కం' అని పడితే ఆ పేజీ పిల్లలకి కనపడకుండా మడిచేస్తాం. అదే పిల్లలు సైన్సు పుస్తకంలో 'పరాగ సంపర్కం' అని గొంతెత్తి బట్టీ పడుతుంటే మురిసిపోతాం. పూలకి సిగ్గులేదు మరి!

పల్లెలో ఇంకా నిక్కచ్చి మాటలున్నాయి. ఆవు ఎదకొచ్చింది, చూలు కట్టింది అని ఇంటి ఆడవాళ్లూ మగవాళ్లూ అందరిముందూ చెప్పుకుంటారు. పిట్టలు జతకట్టాయంటారు. మనుషుల దగ్గరికొచ్చేసరికే చాటు కావాలి. 'సంసారం చేయడం', 'కాపురం', 'కార్యం', 'ఒకటవ్వడం', 'కలవడం'... అన్నీ తెరలే. షోడశ సంస్కారాల్లో మొట్టమొదటిది గర్భాధానం. అంటే ముహూర్తం పెట్టి మరీ చేసే పనికి నోటితో చెప్పుకునే పేరు లేకుండా చేసుకున్నాం.

అసలు మనం ఎప్పుడూ ఇంతేనా? పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చువేయిస్తే, అశ్లీలమంటూ తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చిన కాలానికి గానీ ఆ నిషేధం తొలగలేదు. తొలగించడానికి పూనుకున్నది టంగుటూరి ప్రకాశం. అంటే ఒక కాలంలో ఆస్థానంలో చదివిన మాటల్ని, ఇంకో కాలంలో పోలీసులొచ్చి పట్టుకెళ్లారు. మాట బూతవునో కాదో కాలమే తేల్చిందన్నమాట.

డాక్టరు గదిలో...

ఇంతవరకూ మాటల సరదా. ఇక్కడి నుంచి ప్రాణాల మీది సంగతి.

పెళ్లయి మూడేళ్లయినా పిల్లల్లేరని ఓ జంట ఆసుపత్రికి వచ్చిందనుకోండి.

'ఇద్దరూ కలుస్తున్నారామ్మా?' అని డాక్టరమ్మ అడుగుతుంది.

'కలిసే ఉంటున్నామండీ. మా అత్తగారూ వాళ్లే వేరే ఊళ్లో ఉంటారు' అంటుంది ఆ అమ్మాయి.

నవ్వొచ్చినా, ఆ గదిలో జరిగే నష్టం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సంతానలేమి నిర్వచనంలోనే ఈ మాట ఉంది. ఏ జాగ్రత్తలూ వాడకుండా, క్రమం తప్పకుండా పన్నెండు నెలలు కలిసినా గర్భం రాకపోతేనే దాన్ని సంతానలేమి అంటారు. కలవడమంటే ఏమిటో ఇద్దరికీ ఒకే అర్థం తెలియకపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా అసలు కలయికే జరగని జంటలు వైద్యులకు కొత్త కాదు. నొప్పి, భయం, కండరాలు బిగుసుకుపోవడం లాంటి కారణాలుంటాయి. చికిత్సతో నయమయ్యేవే ఎక్కువ. కానీ నోరు విప్పి చెబితేనే కదా! చెప్పే మాట లేక స్కానింగులూ, హార్మోను పరీక్షలూ చేయించుకుంటూ తిరుగుతుంటారు. పిల్లల్లేరన్న నింద మాత్రం సాధారణంగా ఆ అమ్మాయి నెత్తినే పడుతుంది.

ఇంకో మాట చూడండి... 'పోస్ట్ కాయిటల్ బ్లీడింగ్'. భర్తతో కలిసిన తర్వాత రక్తం కనపడటం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఇది ముఖ్యమైన హెచ్చరికల్లో ఒకటి. రక్తం కనిపించిన ప్రతిసారీ క్యాన్సరే కానక్కర్లేదు, ఇన్‌ఫెక్షనో మరోటో కావచ్చు. కానీ పరీక్ష చేయించుకుని తీరాలి. మన దేశంలో ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇది రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానంలో ఉంది. తొలిదశలో పట్టుకుంటే నయం చేయొచ్చు. మరి నలభై ఏళ్ల ఇల్లాలు, పక్కన కొడుకో తమ్ముడో నిలబడి ఉండగా, డాక్టరుకి ఈ సంగతి ఏమని చెబుతుంది? 'అప్పుడప్పుడూ ఎర్రబట్ట అవుతోందండీ' అంటుంది. నెలసరి తేడా అనుకుని మాత్రలు రాసిచ్చేస్తే? 'కలిసిన తర్వాత' అనే రెండు మాటలు చెప్పలేకపోవడం వల్ల నెలలు గడిచిపోతాయి. ఆ నెలలే కీలకం.

2000ల మొదట్లో రాష్ట్రమంతా హోర్డింగులు పెట్టారు గుర్తుందా... 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని. జనం నోళ్లలో నానిన ప్రచారమది. కానీ ఆ ప్రశ్నలో అసలు మాట లేదు. పులిరాజా ఏం చేశాడో ఎవరికి వాళ్లు ఊహించుకోవాల్సిందే. పెద్దవాళ్లకి అర్థమైంది. 'ఎయిడ్స్ ఎలా వస్తుంది నాన్నా?' అని అడిగిన పిల్లలకి మాత్రం ఎన్ని ఇళ్లలో జవాబు దొరికి ఉంటుంది?

కోర్టు మెట్లెక్కితే...

డాక్టరు గదిలో మాట లేకపోతే జబ్బు ముదురుతుంది. కోర్టులో మాట సరిగ్గా లేకపోతే న్యాయమే తప్పుతుంది.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో రెండు చోట్ల ఈ మాట కీలకం. 377వ సెక్షన్‌లో 'కార్నల్ ఇంటర్‌కోర్స్' అన్నారు. కార్నల్ అంటే దేహానికి సంబంధించినది. ప్రకృతికి విరుద్ధమైన అలాంటి కలయిక నేరమన్నారు. ప్రకృతికి ఏది విరుద్ధమో మాత్రం చట్టం చెప్పలేదు. ఆ ఖాళీలో ఎందరో నేరస్థులైపోయారు. 2009లో ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడి కలిసే వయోజనులకు ఇది వర్తించదంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పు చెల్లదంది. చివరికి 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అలాంటి కలయిక నేరం కాదని తేల్చేసింది. అర్థం చెప్పని ఒక్క మాట నూట యాభై ఏళ్లకు పైగా మనుషుల్ని వేధించింది.

రెండోది 375వ సెక్షన్. అత్యాచారాన్ని నిర్వచించేది. అందులో 'సెక్సువల్ ఇంటర్‌కోర్స్' అని ఉండేది. కోర్టులు దానికి ఒకే ఒక ఇరుకు అర్థం చెప్పేవి. దాంతో చిన్నపిల్లల మీద జరిగే ఎన్నో ఘోరాలు అత్యాచారం కిందికి రాకుండా పోయేవి. ఈ అర్థాన్ని విస్తరించమని సాక్షి అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2004 మే 26న వచ్చిన తీర్పులో, స్థిరపడిన అర్థాన్ని తాము మార్చలేమని, అది పార్లమెంటు పని అని కోర్టు చెప్పింది. అయితే ఒక గొప్ప సూచన చేసింది. ఘటన గురించి బాధితుల్ని నిందితుడి వకీలు అడగాల్సిన ప్రశ్నల్ని రాసి జడ్జికి ఇవ్వాలి. జడ్జి వాటిని స్పష్టంగా ఉండే, ఇబ్బంది పెట్టని భాషలో అడగాలి. స్పష్టంగా, ఇబ్బంది పెట్టకుండా... ఈ రెండూ కలవడమే కదా మనకి ఎప్పుడూ కుదరనిది!

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం పిల్లల విషయంలో ఏయే చేష్టలు నేరమో విడివిడిగా చెప్పింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, 2013లో అత్యాచారం నిర్వచనాన్ని కూడా అలాగే మార్చారు. ఒక్క పెద్దమాట చాటున దాక్కోకుండా, జరిగేది ఏమిటో విప్పి చెప్పారు. అంగీకారం అంటే ఏమిటో కూడా రాశారు. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదన్నారు. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఇది ఉంది.

ఈ మాట మన హైకోర్టునీ తాకింది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, కారణం లేకుండా విడిచి వెళ్లిన భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించొచ్చు. దీన్ని 'దాంపత్య హక్కుల పునరుద్ధరణ' అంటారు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి ఈ నాజూకు మాట ముసుగు తీసి చూశారు. ఇష్టం లేని మనిషిని కలయికకు బలవంతం చేయడమే దీని అసలు ఫలితమని, అది స్త్రీ గౌరవానికీ ఏకాంతానికీ విరుద్ధమని ఆ సెక్షన్‌ను కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాంతో విభేదించింది. దాంపత్యమంటే ఒక్క దేహసంబంధమే కాదని, సంసారం నిలబెట్టడమే ఈ సెక్షన్ ఉద్దేశమని చెప్పింది. సెక్షన్ నిలిచింది. ఆ తీర్పు లేవనెత్తిన ప్రశ్న కూడా నిలిచే ఉంది.

ఇక వైద్య నివేదికల్లో ఇంకో ముళ్లమాట ఉండేది. ఫిర్యాదు చేసిన స్త్రీని పరీక్షించి, 'హ్యాబిచ్యుయేటెడ్ టు సెక్సువల్ ఇంటర్‌కోర్స్' అని రాసేవారు. దానికి అలవాటు పడిన మనిషి అన్నమాట! నేరం చేసినవాడి సంగతి వదిలేసి ఆమె నడతకి సర్టిఫికెట్టు ఇచ్చినట్టు. ఇలా రాయడానికి ఆధారమైన 'రెండు వేళ్ల పరీక్ష' చేయడమే తప్పని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో గట్టిగా చెప్పింది. 2023 ఆగస్టులో న్యాయమూర్తుల కోసం విడుదల చేసిన చేతిపుస్తకంలో, తీర్పుల్లో వాడకూడని మాటల పట్టిక కూడా ఇచ్చింది. అందులో 'కార్నల్ ఇంటర్‌కోర్స్' ఒకటి. దాని బదులు 'సెక్సువల్ ఇంటర్‌కోర్స్' అంటే చాలంది. కోర్టులే మాటలు కడుక్కుంటున్నాయి!

ఎక్కడ ఏ మాట?

ఇంటర్‌కోర్స్: డాక్టరు దగ్గర, పోలీసు స్టేషన్లో, పాఠంలో నిస్సంకోచంగా అనొచ్చు. వ్యాపారం, రాకపోకల అర్థం ఇప్పుడు చట్టాల్లోనూ పాత పుస్తకాల్లోనూ మాత్రమే.

కాయిటస్: వైద్యుల రాతల్లో. రిపోర్టులో 'కాయిటల్' అని కనిపిస్తే అర్థం ఇదే.

కాపులేషన్: జంతువుల గురించి చెప్పేటప్పుడు.

యాక్సెస్: సాక్ష్యాల చట్టంలో బిడ్డకు తండ్రి ఎవరో తేల్చేచోట, భార్యాభర్తలు కలిసే వీలుందా లేదా అన్న అర్థంలో. కంప్యూటర్ పాస్‌వర్డ్ కాదు!

లైంగిక సంపర్కం: తెలుగు పత్రికల్లో, ప్రభుత్వ కరపత్రాల్లో.

శారీరక కలయిక, కలయిక: ఇంట్లో, ఆసుపత్రిలో, ఎవరి ముందైనా అనగలిగిన తేట తెలుగు.

పిల్లలకేం చెబుతాం?

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తుంది. మొక్కల భాగం చక్కగా సాగుతుంది. మనిషి దగ్గరికి రాగానే 'ఇది ఇంట్లో చదువుకోండర్రా' అనే మాస్టార్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లోనేమో 'బళ్లో చెప్పలేదా?' అంటారు. 2007లో కౌమార విద్య కార్యక్రమం మీద దేశంలో పెద్ద దుమారమే రేగింది. కొన్ని రాష్ట్రాలు దాన్ని పక్కన పెట్టేశాయి. బడీ ఇల్లూ తలుపులేసుకుంటే, పిల్లాడు సెల్‌ఫోన్ తలుపు తడతాడు. అక్కడ దొరికే మాటలు ఎలాంటివో చెప్పక్కర్లేదు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఒక పసిది ఇంటికొచ్చి 'ఆ మామయ్య చెడ్డపని చేశాడమ్మా' అంటుంది. చెడ్డపని అంటే కొట్టడమూ కావచ్చు, బూతు తిట్టడమూ కావచ్చు. మరేదైనా కావచ్చు. తన ఒంట్లోని భాగాలకు పేర్లు తెలియని పిల్ల, జరిగింది ఏమిటో ఎలా చెబుతుంది? పోక్సో చట్టం కోర్టులో పిల్లల్ని వకీళ్లు నేరుగా ప్రశ్నించకూడదంది. జడ్జి ద్వారానే అడగాలంది. భాష అర్థం కాకపోతే అనువాదకుల సాయం తీసుకోవచ్చంది. కానీ పిల్లల దగ్గర మాటే లేకపోతే ఏ అనువాదకుడు మాత్రం ఏం అనువదిస్తాడు?

అయిదేళ్ల పిల్లకి సంభోగం అంటే ఏమిటో చెప్పమని కాదు. ఆ వయసుకి శరీర భాగాల పేర్లు తెలిస్తే చాలు. ముక్కూ చెవీ చెప్పినట్టే, గుసగుసలు లేకుండా చెప్పాలి. పది పన్నెండేళ్లకి, ఎదిగే ఒంట్లో వచ్చే మార్పులు. హైస్కూల్లో, బిడ్డ ఎలా పుడుతుందో. పెళ్లీడుకి, ఇద్దరి ఇష్టంతో జరగాల్సిన కలయిక అంటే ఏమిటో. పిల్లలు అడిగినప్పుడు 'ఛీ, తప్పు' అనకుండా రెండు వాక్యాల్లో నిజం చెబితే, వాళ్లు రెండోసారి కూడా మన దగ్గరికే వస్తారు.

అన్నిట్లోనూ ఒకటే

ఇంటర్‌కోర్స్, కాయిటస్, కాపులేషన్... సంగమం, సంభోగం, సంపర్కం, కలయిక... ఇన్ని మాటలు విప్పి చూస్తే అన్నిటి లోపలా ఒకటే ఉంది. లాటిన్ వాడు 'కో' అన్నాడు. సంస్కృతం 'సం' అంది. తెలుగు 'కలిసి' అంది. అన్నీ ఇద్దరున్న మాటలే. ఒకరి ఇష్టంతో మాత్రమే జరిగేదానికి ఈ మాటల్లో ఒక్కటీ సరిపోదు. 2013లో చట్టానికి అంగీకారం గురించి విడమరచి రాయాల్సి వచ్చింది గానీ, మాట మొదటి అక్షరంలోనే అది ఉంది.

మన పెద్దలు పెట్టుకున్న తెరలు తీసి పారేయమని ఎవరూ అనరు. నలుగురిలో నాజూకుగా మాట్లాడటం మన మర్యాద. అది ఉండాల్సిందే. కానీ డాక్టరు ముందు, జడ్జి ముందు, మన బిడ్డ కళ్లలోకి చూస్తున్నప్పుడు... ఆ మూడు చోట్ల మాత్రం తెర కాస్త పక్కకి జరపాలి. ఈ ఆదివారం భోజనాలయ్యాక ఇంట్లో ఎవరైనా 'పరాగ సంపర్కం అంటే ఏంటమ్మా?' అని అడిగితే, పూల దగ్గర మొదలుపెట్టండి. పూల దగ్గరే ఆగిపోకండి.